గాలి ఎటు కొనిపోవును?

సముద్రముపై తెరచాప యెత్తి పోవుట మానవునకు క్రొత్త విద్య కాదు. కాని నిలుచుటకు ఒక్క పలక, పట్టుకొనుటకు ఒక్క తెరచాప, ఈ రెండే సాధనములుగా నీటిపై పరుగులు తీయు క్రీడ మాత్రము మిక్కిలి క్రొత్తది. దీనిని విండ్‌సర్ఫింగ్ అందురు. 1964లో అమెరికాయందలి పెన్సిల్వేనియా రాష్ట్రమున న్యూమన్ డార్బీ అనునతడు ఇట్టి పలకను నిర్మించెను. 1968లో కాలిఫోర్నియావాసులగు జిమ్ డ్రేక్, హాయిల్ ష్వైట్సర్ అనువారు దానిని మఱింత తీర్చిదిద్ది పేటెంటు హక్కునకై దరఖాస్తు చేసిరి. 1984లో లాస్ ఏంజెలస్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఇది చోటు సంపాదించుకొన్నది.

ఈ పలకకు చుక్కాని లేదు. తెరచాపను మోయు కొయ్య పలకకు కదలకుండ బిగింపబడక, ఎటు వంచిన అటు వంగు కీలుపై నిలిచి యుండును. కొయ్యను ముందునకు వంచినచో పలక గాలికి పెడమొగమై తిరుగును. వెనుకకు వంచినచో గాలివైపు తిరుగును. పలక అడుగున, వెనుక భాగమున, చేపరెక్క వంటి బద్ద యొకటి యుండును. అది లేకున్న పలక ప్రక్కకు జాఱిపోవును. ఎంత నేర్పరియైనను గాలికి సూటిగా ఎదురుపోజాలడు. ఏటవాలుగా కొంతదూరము ఇటు, కొంతదూరము అటు పోవుచు మెలికలుగా ముందునకు సాగవలసినదే. తెరచాప పడవలు నడపిన మన జాలరులకు ఇది తెలిసిన సంగతియే. విద్యార్థులు దీనిని మఱవరాదు. ఆటకు తగిన తీరము నెన్నుకొనుటలోని కష్టమంతయు దీనినుండియే పుట్టుచున్నది.

సముద్రమునుండి భూమిమీదికి వీచు గాలి కెరటములను వెంటబెట్టుకొని వచ్చును. అట్టిచోట నీటిలోనికి దిగుటయే ప్రయాస. కాని పడిపోయినవానిని ఆ గాలియే ఒడ్డునకు చేర్చును. తీరము వెంబడి ప్రక్కగా వీచు గాలి అన్నింటికంటె అనుకూలమైనది. దానితో పోయిన దారినే తిరిగి రావచ్చును. ఇక భూమినుండి సముద్రముమీదికి వీచు గాలి యొకటి కలదు. అది ఒడ్డున నిలిచి చూచువానికి ఎంతయో సాధువుగా కనబడును. గాలి నీటిపై చాల దూరము ప్రయాణించిననే గాని పెద్ద అల లేవదు. కావున అట్టి యొడ్డున నీరు అద్దమువలె ఉండును. క్రొత్తవాడు ఆ నునుపును చూచి, ఇదియే నేర్చుకొనుటకు తగిన చోటని తలచును. అతడు పొరబడునది సరిగా ఇచ్చటనే.

దీనికి రామేశ్వరద్వీపమును మించిన ఉదాహరణము మన దేశమున అరుదు. మన తెలుగువారిలో ఎందఱో యాత్రకై అచ్చటికి పోయి, ధనుష్కోటి చూచి వచ్చినవారే. ఆ ద్వీపపు ఆగ్నేయభాగము సన్నని ఇసుకపట్టెగా సముద్రములోనికి చొచ్చుకొనిపోయి అరిచల్‌మునై అను కొనవద్ద ముగియును. దానికి ఒకప్రక్క పాక్ అఖాతము, రెండవప్రక్క మన్నారు సింధుశాఖ. ఇసుకపట్టె పల్లముగా నుండి, పెద్ద చెట్లు గాని మేడలు గాని లేకుండుటచే గాలి దానిని తెంపు లేకుండ దాటిపోవును. చెట్లు, గోడలు అడ్డమైనచోట గాలి సుడులు తిరిగి, ఒక క్షణము బలముగాను ఒక క్షణము చచ్చినట్లును ఉండును. అట్టి చోట తెరచాప చేతికి లొంగదు.

నైరుతి ఋతుపవనకాలమున గాలి మన్నారు సింధుశాఖనుండి వచ్చి ఇసుకపట్టెను అడ్డముగా దాటును. అప్పుడు దక్షిణపుటొడ్డున కెరటములు విఱుగుచుండగా, కొద్దిపాటి నడకలో నున్న ఉత్తరపుటొడ్డున నీరు నున్నగా నుండును. శీతకాలమున గాలి ఈశాన్యమునుండి తిరుగును. ఒడ్డుల స్వభావమును తారుమాఱగును. ఒకే నేల, రెండు కాలములలో రెండు వేఱువేఱు తీరములు! కనుక ‘ధనుష్కోటి మంచి చోటా?’ అను ప్రశ్నకు మాసము చెప్పక ఉత్తరము చెప్పుట వ్యర్థము. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు నడుచు తుఫానుల కాలమున అసలు పోరాదు. 1964 డిసెంబరులో వచ్చిన తుఫాను ధనుష్కోటి పట్టణమునే తుడిచిపెట్టి, నూఱుమందికి పైగా ప్రయాణికులున్న రైలును మ్రింగినది.

నున్నని నీటిలో తెరచాప యెత్తినవాడు తీరమునకు దూరమగుకొలది గాలి బలము హెచ్చును, అలలు పెరుగును. అలసి తెరచాప దింపుకొన్నచో, నైరుతి గాలి యతనిని పాక్ అఖాతము నడుమకు, 1974లో భారత శ్రీలంకలు ఒప్పందముతో నిర్ణయించుకొన్న సరిహద్దు దిక్కునకు తోయును. ఈశాన్య కాలమున దక్షిణపుటొడ్డునుండి తేలిపోయినవానికి చాల దూరము వఱకు నేలయే తగులదు. అందుచే ఈ నీరు చేయి తిరిగినవారికి, అదియు రక్షకపడవ సిద్ధముగా నున్నప్పుడే, తగును. నేర్చుకొనువారికి ఇసుకతిన్నెల నడుమ నిలిచిన నడుములోతు మడుగులు మేలు. అచ్చట గాలి క్రిందుగా, పలకను ఆపుటకు మఱియొక గట్టు ఉండును. పడినవాడు లేచి నడచి రావచ్చును. కాని మోకాలికంటె లోతు తగ్గినచో అడుగుబద్ద ఇసుకకు తగిలి, పలక ఠక్కున నిలిచి, మనిషి ముందునకు ఎగిరిపడును. మండపము వైపున దక్షిణతీరమునకు నైరుతి గాలి ఏటవాలుగా తగులును గాని, సమీపముననే పగడపు దిబ్బలున్నవి. మన్నారు సింధుశాఖలోని 21 దీవుల ప్రాంతము 1986నుండి సముద్ర జాతీయోద్యానము. అచ్చట అడుగుబద్దలతో దిబ్బలను గీయుట తగదు.

గాలి వేగమును కంటితోనే కొంత గుర్తింపవచ్చును. 1805లో బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బోఫర్ట్ ఏర్పఱచిన కొలమానమును అనుసరించి, నీటిపై అక్కడక్కడ తెల్లని నురుగుతలలు పొడసూపిన గాలి గంటకు 12 నుండి 19 కిలోమీటర్లు. అవి తఱచుగా కనబడిన 20 నుండి 28 కిలోమీటర్లు. మొదటిది నేర్చుకొనువానికి చాలును.

ఉద్యోగవిరమణానంతరము నేను ఒక జూలై మాసమున ధనుష్కోటికి పోతిని. ఉత్తరపుటొడ్డున నీరు చూచి, ఇది పిల్లలాడుకొనుటకు బాగున్నదే యని ప్రక్కనున్న వృద్ధజాలరితో అంటిని. ఆయన మాటాడక ఒక ఎండిన కొబ్బరి డొక్కను తీసి నీటిలోనికి విసరెను. అది ఒకటి రెండు నిమిషములు మా యెదుటనే మెల్లగా ఊగెను. తరువాత ఒడ్డు విడిచినది. నేను కండ్లజోడు తుడుచుకొని మరల చూచునప్పటికి అది నల్లని చుక్కయై, ఈశాన్య దిశగా పోవుచుండెను.