‘రాశాను’, ‘రాస్తున్నాను’: ఇంగ్లీషులో ఏ రూపం?

‘ఐ హావ్ రిటన్ మై డిసర్టేషన్’, ‘ఐ హావ్ బీన్ రైటింగ్ మై డిసర్టేషన్’. రెండూ తప్పులేని వాక్యాలే. మొదటిది ప్రెజెంట్ పర్ఫెక్ట్, రెండోది ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. కాని పైచదువుకు పంపే దరఖాస్తులో వీటి మధ్య చాలా దూరం ఉంది. మొదటిది చదివినవారు పూర్తయిన ప్రతి చూపించమంటారు. రెండోది చదివినవారు ఎప్పటికి పూర్తవుతుందని అడుగుతారు.

మన విద్యార్థుల తికమకకు మూలం తెలుగులోనే ఉంది. ‘ఇప్పుడు ఉత్తరం రాస్తున్నాను’ అంటాం. ‘రెండేళ్లుగా సిద్ధాంతవ్యాసం రాస్తున్నాను’ అనీ అంటాం. క్రియ మారలేదు. ‘రెండేళ్లుగా’లోని ‘గా’ ఒక్కటే కాలవ్యవధిని చెబుతోంది. ఇంగ్లీషులో క్రియ కూడా మారాలి. మనం మార్చం కనుక ‘ఐ యామ్ రైటింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అనేస్తాం. హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం వింటూ పెరిగినవారికి ఆ భాషల సాయమూ దొరకదు. అవీ ఇందులో తెలుగు దారినే నడుస్తాయి. ‘ఐ హావ్ బీన్ రైటింగ్ ఇట్ ఫర్ టూ ఇయర్స్’ అనాలి. గడచిన వ్యవధికి ‘ఫర్’, మొదలైన సమయానికి ‘సిన్స్’.

ఇక ఎంపిక. మీ వాక్యం ‘ఎంతసేపటి నుంచి?’ అన్న ప్రశ్నకు జవాబైతే సాధారణంగా కంటిన్యువస్ రూపం. ‘ఎన్ని?’ అన్నదానికి జవాబైతే మొదటి రూపం: ‘ఐ హావ్ రిటన్ ఫోర్ లెటర్స్’. ‘పొద్దుటినుంచి నాలుగు ఉత్తరాలు రాస్తున్నాను’ అంటే తెలుగు చెవికీ ఎబ్బెట్టుగానే ఉంటుంది కదా. ‘రాసేశాను’ అని చెప్పగలిగిన చోట కూడా చాలావరకు మొదటి రూపమే సరిపోతుంది. అయితే పక్కన ‘నిన్న’, ‘పోయిన వారం’ వంటి మాట ఉంటే పర్ఫెక్టే కుదరదు; ‘ఐ రోట్’ అనాలి.

చేతులకు మసి అంటుకుని ఉంది. ఏమిటని అడిగితే, ‘ఐ హావ్ బీన్ రిపేరింగ్ ద సైకిల్’ అంటాం. సైకిలు బాగుపడిందో లేదో ఆ వాక్యం చెప్పదు. ‘ఐ హావ్ రిపేర్డ్ ద సైకిల్’ అంటే మాత్రం ఎక్కి వెళ్లవచ్చు.

‘ఎంతకాలంగా’ అన్న సూత్రానికి లొంగని క్రియలూ ఉన్నాయి. ‘అతను నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు’ అన్నదానికి ‘ఐ హావ్ బీన్ నోయింగ్’ తప్పు, ‘ఐ హావ్ నోన్ హిమ్’ ఒప్పు. తెలుగులో ‘తెలుసు’కు కూడా ‘తున్నాను’ చేరదని గమనించండి. ఇక్కడ మాతృభాషే మంచి గురువు.

‘లివ్’ విషయంలో రెండూ చెల్లుతాయి. మూడు తరాలుగా హోసూరులో స్థిరపడిన కుటుంబానికి ‘హాజ్ లివ్డ్’ నప్పుతుంది. ఆరునెలలుగా అద్దెగదిలో ఉన్న విద్యార్థికి ‘హాజ్ బీన్ లివింగ్’. ఊరు విడిచి వెళ్లిపోయినవారి గురించి అయితే రెండూ పనికిరావు, ఒట్టి ‘లివ్డ్’ చాలు.