ఒకే దస్తర్‌ఖాన్, ఒకే వంట: మలివయసులో గుండెకు రక్ష

దేహపు మేలుకీడులు హృదయపు మేలుకీడులపై ఆధారపడి ఉంటాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించిన హదీసు మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ధర్మవేత్తలు దీనిని విశ్వాసానికీ, సంకల్పశుద్ధికీ అన్వయిస్తారు. మేము మా విద్యార్థులకు చెప్పేదీ అదే. అయితే ఛాతీలో రేయింబవళ్ళు కొట్టుకునే ఆ మాంసపు ముద్ద కూడా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతే. శరీరానికి మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) తమ సహచరుడు అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు గుర్తుచేశారు. వయసు పైబడేకొద్దీ ఆ హక్కు మరింత జాగ్రత్తను కోరుతుంది.

మన ఇళ్ళలో సాధారణంగా జరిగేదేమిటి? దాదాగారికో నానీగారికో రక్తపోటు ఉందని తేలుతుంది. వైద్యుడు ఉప్పు, కొవ్వు తగ్గించమంటాడు. మర్నాటి నుంచి పొయ్యి మీద రెండు గిన్నెలు లేస్తాయి. ఇంటిల్లిపాదికీ మామూలు సాలన్, పెద్దవారికి చప్పటి పప్పు. అందరూ దాల్చా వడ్డించుకుంటుంటే ఆ వృద్ధుడు తన పళ్ళెం వైపు చూసి నిట్టూరుస్తాడు. పది రోజులు ఓర్చుకుంటాడు, పదకొండో రోజు పాత వంటకే తిరిగి వస్తాడు. రెండు వంటలు చేయలేక కోడలు అలసిపోతుంది. అటు పథ్యమూ నిలవదు, ఇటు మనసులూ నొచ్చుకుంటాయి.

మా అభిప్రాయం ఒక్కటే. మార్చవలసింది పెద్దవారి గిన్నెను కాదు, ఇంటి వంటను. కలిసి భుజించడంలో శుభం ఉందన్నది మన ధర్మబోధ. పైగా వృద్ధుని గుండెకు మేలుచేసే భోజనం నలభై ఏళ్ళ కుమారుని గుండెకూ మేలే చేస్తుంది. రక్తనాళాలలో కొవ్వు పేరుకోవడం డెబ్బయ్యో ఏట మొదలయ్యేది కాదు, యౌవనం నుంచే మెల్లమెల్లగా సాగుతుంది.

ఉప్పు లెక్క

వయసుతో పాటు రక్తనాళాలు బిరుసెక్కుతాయి, అదనపు ఉప్పును బయటికి పంపే శక్తి మూత్రపిండాలకు తగ్గుతుంది. మరోవైపు నాలుకకు రుచి మందగించి, ‘ఇంకొంచెం ఉప్పు వేయండి’ అనిపిస్తుంది. ప్రమాదం ఇక్కడే ఉంది. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూనుకు మించని ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చడి, అప్పడం, బిస్కట్లలో ఉన్నదీ ఈ లెక్కలోకే వస్తుంది. ఆరుగురు పెద్దలున్న ఇంటికి ఇది నెలకు 900 గ్రాములు. మీ వంటింట్లో కిలో ఉప్పు పొట్లం ఎన్నాళ్ళకు ఖాళీ అవుతోందో ఈ నెల గమనించండి.

ఉప్పును వారం వారం కొంచెం కొంచెంగా తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. ఆ లోటును పులుపుతో పూరించవచ్చు. ఇంట్లో సిర్కా తప్ప మరేమీ లేదన్నప్పుడు దైవప్రవక్త (స) దానినే తెప్పించుకుని, మెచ్చుకుంటూ భుజించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మనకు నిమ్మకాయ ఉంది, చింతపండు ఉంది, పచ్చి గోంగూర ఉంది. జీలకర్ర, మిరియాలు, పుదీనా, కొత్తిమీర ఉన్నాయి. అంగడిలో ‘తక్కువ సోడియం’ పేరుతో దొరికే ఉప్పులో పొటాషియం కలుస్తుంది కనుక మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దానిని వాడరాదు.

కొవ్వు, మాంసం

మాంసం హలాల్. వైద్యుడు దానిని తగ్గించమంటే హలాల్‌ను హరామ్ చేసినట్లు కాదు. అనుమతించినవాటిలోనూ మితం పాటించడం, తిని త్రాగి హద్దు మీరకుండా ఉండడం దివ్య ఖుర్ఆన్ నేర్పిన సంస్కారమే.

నహారీ, పాయా, దాల్చా వండేవారికి ఒక సులువు ఉంది. మాంసాన్ని ముందురోజే ఉడికించి, చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచితే తెల్లారేసరికి కొవ్వు పైన గట్టిగా పేరుకుంటుంది. దానిని గరిటెతో తీసివేసి, అడుగున ఉన్న రసంతో వండితే రుచి ఉంటుంది, భారం తగ్గుతుంది. దాల్చాలో మాంసం తగ్గించి సొరకాయ, శనగపప్పు పెంచవచ్చు. తలకాయ, భేజా, కలేజీ ఏదో ఒకనాటికి పరిమితం కావాలి. కోడిమాంసాన్ని చర్మం తీసి వండాలి. వారానికి రెండు పూటలు చేప మంచిదే, అది వేపుడు కాక పులుసు కావాలి.

వనస్పతి, నెయ్యి, పామాయిల్ విషయంలో చేతిని అదుపులో ఉంచుకోవాలి. నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతానికి మించరాదన్న నియమం 2022 జనవరి నుంచి మన దేశంలో అమలులో ఉంది. అయినా ఒకసారి మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగించి వేసే సమోసాలు, మిర్చీ బజ్జీలు గుండెకు మేలు చేయవు. రమజాన్‌లో ఇఫ్తార్ పళ్ళెం ఖర్జూరం, పండ్ల ముక్కలు, ఉడికిన శనగలతో నిండితే ఉపవాస పుణ్యమూ, ఆరోగ్యమూ కలిసి వస్తాయి. గుండె జబ్బు ఉన్నవారు ఉపవాసానికి ముందే వైద్యుని సంప్రదించాలి. రోగికి షరీఅత్ సడలింపు ఇచ్చింది, దానిని స్వీకరించడం లోపం కాదు.

చేర్చవలసినవి

తగ్గించడమే కాదు, చేర్చడమూ అవసరం. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మలివయసులో కండ కరుగుతుంది కనుక పప్పు, పెరుగు, చేప వంటివి మానకూడదు. జొన్నరొట్టె, రాగి జావలలో పీచు దండిగా ఉంటుంది. రోగులకూ, దుఃఖంలో ఉన్నవారికీ హజ్రత్ ఆయిషా (రజి) సిఫారసు చేసిన తల్బీనా బార్లీ పిండితో కాచే జావ. బార్లీలోని పీచు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని నేటి వైద్యమూ అంటోంది. మధుమేహం ఉన్నవారు అందులో తేనె కలపకపోవడం మేలు.

‘రాసి ఉన్నదే జరుగుతుంది’ అనేవారికి

కొందరు పెద్దలు పథ్యం మాట ఎత్తగానే తఖ్దీర్‌ను ముందుకు తెస్తారు. తఖ్దీర్‌పై విశ్వాసం మన ఈమాన్‌లో భాగమే. అయితే ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమన్న బోధ కూడా మనదే. చికిత్స చేయించుకోమని ఆదేశించిందీ దైవప్రవక్తే (స). కనుక మాత్రలను సొంతంగా మానివేయడం తవక్కుల్ అనిపించుకోదు.

అతిథి మర్యాద పేరిట వృద్ధులను ‘ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు’ అని బలవంతపెట్టే అలవాటునూ మానుకుందాం. కడుపులో మూడో వంతే ఆహారానికి కేటాయించమన్న బోధ వలీమా విందులోనూ వర్తిస్తుంది. పెద్దలు సైతం వంటకు వంకలు పెట్టని ప్రవక్త సంప్రదాయాన్ని గుర్తుంచుకోవాలి. ఇష్టమైతే తినేవారు, లేకుంటే మౌనంగా వదిలేసేవారు. ఉప్పు తగ్గించి వండిన కోడలికి ఆ మౌనం కన్నా ఒక దుఆ ఇంకా మేలు.

చివరిగా ఒక హెచ్చరిక. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం కనిపిస్తే ‘గ్యాస్’ అని సోడా తాగించి కూర్చోకండి. స్త్రీలలో, వృద్ధులలో, మధుమేహం ఉన్నవారిలో నొప్పి స్పష్టంగా లేకపోవచ్చు, ఉన్నట్టుండి నీరసం, ఊపిరి అందకపోవడం మాత్రమే కనిపించవచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి. ప్రతి నిమిషం విలువైనదే.

మన పెద్దల నీడ మన ఇళ్ళపై చిరకాలం నిలిచేలా, వారు తమ ఇబాదత్‌ను ఓపికతో కొనసాగించేలా అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్నీ, మితాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.