కత్తి పాట, గంజి పాట

వేసవి సెలవులలో నేను చేసే పనులు రెండే. చదవకుండా మిగిలిపోయిన పుస్తకాలు చదవడం ఒకటి. పిల్లలు చూచే చలనచిత్రాలను వారి పక్కన కూర్చుండి చూడడం రెండవది. మొదటిది వృత్తిధర్మమని అందరూ ఒప్పుకొంటారు. రెండవది కూడా అంతేనని నా నమ్మకం. ఎదుట బల్లమీద కూర్చున్న విద్యార్థి తలలో ఏ బొమ్మలు తిరుగుతున్నవో తెలియని అధ్యాపకుడు, బావి లోతు తెలియక చేద వేసినవాని వంటివాడు.

ఈ యేడు ఆ రెండు పనులూ నన్ను ఒకే ఊరికి తీసుకొనిపోయినవి. చూచిన చిత్రం 2019లో వచ్చిన ‘సైరా నరసింహారెడ్డి’. చదివినవి రేనాటి జానపద వీరగాథలు, వాటిపై మన పండితులు చేసిన పరిశోధనలు. ఊరు ఉయ్యాలవాడ. అది చిరకాలం కర్నూలు జిల్లాలోనిది. 2022 నుండి నంద్యాల జిల్లాలోనిది. నరసింహారెడ్డి బ్రతికిన నాళ్లలో ఆ కోవెలకుంట్ల సీమ కడప కలెక్టరు ఏలుబడిలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. కనుక ఉయ్యాలవాడ మాదంటే మాదని కర్నూలువారు, కడపవారు వాదులాడుకొంటే ఎవరినీ కాదనలేము.

ఆ చిన్న ఊరు పందొమ్మిదవ శతాబ్దంలో ఇద్దరు మనుషులను కన్నది. ఇద్దరిమీదా జనం పాటలు కట్టినారు. ఒకటి కత్తి పాట, మరొకటి గంజి పాట. కత్తి పాట కోట్ల రూపాయల చిత్రమై దేశమంతా తిరిగివచ్చినది. గంజి పాట బిచ్చమెత్తేవాని జోలె దాటి ఎంత దూరమూ పోలేదు. ఇది ఎందుకు జరిగినదన్నదే నేటి నా ఆలోచన.

ముందు కత్తి సంగతి. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తం చేసినాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాండ్ర బలాన్ని అణచి, వారి వంశాలకు భరణాలు ఏర్పరచినాడు. ఆ భరణానికే తవర్జీ అని పేరు. వారసులు పెరిగేకొద్దీ తవర్జీ చీలికలై, నొస్సం పాలెగాని దౌహిత్రుడైన నరసింహారెడ్డి వాటాకు వచ్చేసరికి నెలకు పదకొండు రూపాయల చిల్లర మాత్రమే మిగిలినది. దానికి తోడు గ్రామ కావలికి ప్రతిఫలంగా కట్టుబడివారు అనుభవిస్తున్న ఇనాము మాన్యాలను కుంఫిణీ వెనుకకు లాగుకొన్నది. భూమి పోయిన కట్టుబడివారు నరసింహారెడ్డి వెనుక నిలిచినారు. 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానాపై దాడి జరిగినది. అక్టోబరులో ఆయన పట్టుబడినాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసినారు. శిరస్సును కోట బురుజుమీద 1877 వరకు వేలాడదీసి ఉంచినారని చెబుతారు. ముప్పది యేండ్లు! బురుజు కిందుగా బడికి పోయిన పిల్లవాడు పెరిగి, పెండ్లాడి, తన పిల్లలను అదే దారిన నడిపించిన కాలం అది.

చిత్రం ఈ కథను ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు చెబుతున్నట్లుగా ఎత్తుకొన్నది. 1857కు పదేండ్ల ముందే మన రేనాటిలో నిప్పు రాజుకొన్నదని దేశానికి చాటవలెననే కోరిక మెచ్చదగినదే. యుద్ధాలు కన్నుల పండువుగా ఉన్నవి. గాని పదకొండు రూపాయల లెక్క, కట్టుబడి మాన్యాల లెక్క ఆ కత్తుల చప్పుడులో నా చెవికి అందలేదు. తిరుగుబాటులో సగం కథ ఆ లెక్కలలోనే ఉన్నది. చరిత్ర చెప్పే మిత్రులు చిత్రం చూపించిన మరునాడు నల్లబల్లపై ఆ లెక్క ఒకసారి వేసి చూపితే బాగుంటుంది.

ఇక గంజి సంగతి. అదే ఉయ్యాలవాడవాడు బుడ్డా వెంగళరెడ్డి. 1866లో వచ్చిన కరువులో ఆయన తన ధాన్యం బయటపెట్టి, వేలమందికి నెలల తరబడి గంజి పోయించినాడు. విక్టోరియా రాణి ప్రభుత్వం బంగారు పతకమిచ్చి గౌరవించినది. ఒకే ఊరివానిని ఒకనిని ఉరితీసి, ఇరవై యేండ్లకు మరొకనికి పతకం తొడిగిన ప్రభుత్వం ఒకటే అన్నది కూడా గమనించదగిన విషయం. (1847లో కుంఫిణీ, 1866లో రాణి, పేరు మారినది గాని కచేరీ మారలేదు.)

గంజి పోయడం ఎంత పని అని నేటి పిల్లలు అడుగవచ్చును. ఆ రోజులలో ఈ నల్లరేగడి పల్లెలలో జొన్నలు పాతరలలో ఉండేవి. పాతర అంటే నేలలో లోతుగా తవ్విన గొయ్యి. అడుగునా ప్రక్కలా గడ్డి పరచి, ధాన్యం పోసి, పైన మూసి మన్ను మెత్తేవారు. పాతర తెరిచిన వెంటనే ఎవరూ లోపలికి దిగరాదు. చెడుగాలి కొట్టి మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. మూత తీసి, గాలి ఆడనిచ్చి, ఆపైన దిగవలెను. మెట్ట రైతుకు పాతరే బ్యాంకు, పాతరే భీమా. రెండు మూడు వరస కరువులు తట్టుకొనేందుకు దాచుకొన్న గింజ అది.

అటువంటి పాతరను పరులకోసం తెరవడమంటే ఏమిటో ఊహించండి. వాన వచ్చే యేడు వస్తుందో రాదో తెలియదు. ఇంట్లో పిల్లలున్నారు, పాలేర్లున్నారు, దొడ్డిలో పశువులున్నవి. వాకిట వందమంది కూర్చున్నారు. రేపటికి వెయ్యిమంది అవుతారు. ఒకసారి గరిటె చేతబట్టినవాడు ‘రేపు రావద్దు’ అనలేడు. ఎన్ని పాతరలున్నవి, ఎన్ని రోజులకు వస్తవి, ఎవరికి ముందు పోయవలెను, నడవలేనివారికి ఎవరు తీసుకొనిపోవలెను? కత్తి ఎత్తడానికి ఒక ఘడియ తెగువ చాలును. గరిటె దించకుండా ఉండడానికి నెలల తెగువ కావలెను.

ఇక్కడ తెలుగు పంతులు బుద్ధి ఊరకుండదు గనుక ఒక మాట. పాతర అంటే నిలువ చేసే చోటు. నేడు పత్రికలలో ‘నిబంధనలకు పాతర’, ‘విలువలకు పాతర’ అని రాస్తున్నారు; అంటే పూడ్చిపెట్టడమని అర్థం. దాచి బ్రతికించే మాట చంపి కప్పెట్టే మాట అయినది. జొన్న పాతరలు పోయిన తరువాత మాటకు పట్టు తప్పినది. ఈ మాట అసలు అర్థం తరగతిలో అడిగితే, చెప్పగలిగిన విద్యార్థులను వేళ్లమీద లెక్కపెట్టవచ్చును.

మన సీమ విషయంలో కూడా ఇటువంటిదే జరిగినది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’ వచ్చినవి. వరుసగా విజయాలు. రాయలసీమ అంటే తెల్లచొక్కాలు, సుమోలు, నాటుబాంబులు, వేటకొడవళ్లు అని ఒక మూస తయారైనది. కర్నూలు కొండారెడ్డి బురుజు విజయనగర కాలపు కోటకు మిగిలిన గుర్తు. 1953 అక్టోబరు 1 నుండి మూడేండ్లపాటు ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా ఉన్న నగరం అది. ఇప్పుడు పొరుగు జిల్లాల పిల్లవానికి ఆ బురుజు చూపితే ‘ఒక్కడు’ చిత్రంలో దెబ్బలాటే గుర్తుకు వస్తున్నది.

ముఠాకక్షలు లేవని నేననను. అవి ఉన్నవి. ఊళ్లు ఊళ్లుగా పాడైనవి. మగవాండ్లు చచ్చి, జైళ్లకు పోయి, ఆడవాండ్లు సేద్యం చేసుకొన్న ఇండ్లను ఎరుగుదును. ఆ నెత్తురును మరుగుపరచమని ఎవరినీ కోరను. కడప జిల్లా రచయిత వేంపల్లి గంగాధర్ వంటివారు ఆ సంగతులను కూడా రాసినారు. రచయితకు వితంతువు ముఖం కనబడినది. కెమెరాకు కొడవలి అంచు కనబడినది. నా ఫిర్యాదు అంతవరకే. 2018లో వచ్చిన ‘అరవింద సమేత’లో కక్షను ఆపవలెననుకొనే కథానాయకుడు, ఇంటి ఆడవారి మాటకు విలువ కనబడినవి, రెడ్డెమ్మ తల్లిమీద సీమ పలుకుబడిలోనే పెంచల్‌దాస్ పాట రాసినారు. అది మేలు మలుపే. అయినా ఆ మేలు మాట చెప్పడానికి కూడా మొదట తలలు తెగవలసి వచ్చినది.

యాస సంగతి మరీ బాధ కలిగిస్తుంది. ‘యాడికి పోతాండావు’ అని మా అవ్వ అడిగితే అన్నం తిని పొమ్మని అర్థం. అదే మాట తెరమీద వినబడితే చంపుతాడని అర్థం. తెలుగు మాటలతో మనకు దొరికిన తొలి శాసనాలు ఆరవ శతాబ్దంలో ఈ రేనాటివే. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనం 575 ప్రాంతానిదని పండితుల నిర్ణయం. శాసనాలలో తెలుగు మొదట పలికిన నేల ఇది. ఆ నేల పలుకు నేడు బెదిరింపులకు మాత్రమే పనికివచ్చుచున్నది!

మా కళాశాలలో చదివి కోస్తా పట్టణానికి పైచదువుకు పోయిన విద్యార్థి ఒకడు పండుగ సెలవులకు వచ్చి, “హాస్టలులో మొదటి రోజే మీ యింట్లో బాంబులుంటాయా అని అడిగినారు సార్” అన్నాడు. “నువ్వేమన్నావు?” అంటే, “ఉంటాయన్నాను సార్. అప్పటినుంచి నా జోలికెవరూ రాలేదు” అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. వాని తండ్రి శనక్కాయ సేద్యం చేసి అప్పులపాలైన మనిషి. ఈగను తోలడానికి కూడా చేయి విదిలించడు. తన తండ్రి కథ చెప్పుకొనేందుకు సిగ్గుపడి, ఎవరో అల్లిన కథను ఆ పిల్లవాడు కవచంగా తొడుక్కొన్నాడు.

ఈ మాట ఉపాధ్యాయుల గదిలో ఎత్తితే ఒక యువమిత్రుడు, “సినిమాకు సంఘర్షణ కావాలి గదన్నా! గంజి పోస్తుంటే ఎవరు చూస్తారు?” అన్నాడు. గట్టి ప్రశ్నే. జవాబుకు దూరం పోనక్కరలేదు. వాహినీ సంస్థను నిలిపిన బి.ఎన్. రెడ్డి కడప జిల్లా పులివెందుల ప్రాంతంవారు. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందినవారు. ఆయన ‘మల్లీశ్వరి’ అందరికీ తెలుసు. ‘బంగారుపాప’ను నేటి పిల్లలు ఎరుగరు. జార్జ్ ఇలియట్ నవల ‘సైలాస్ మార్నర్’ ఆధారంగా 1950ల నడుమ తీసిన చిత్రం అది. పగతో మండిపోతున్న మొరటు మనిషి కోటయ్య. చేతికి దిక్కులేని పసిబిడ్డ దొరుకుతుంది. ఎస్.వి. రంగారావు ఆ బిడ్డను ఎత్తుకొన్న చేతులను చూడండి. పగ ఎక్కడ జారిపోతున్నదో కంటికి కనబడుతుంది. సంఘర్షణ లేదంటారా? మనిషి లోపల జరిగేది కూడా పోరే గదా.

కేతు విశ్వనాథరెడ్డి కథలను ఈ వేసవిలో మళ్లీ చదివినాను. ఆయన 2023లో మనలను విడిచిపోయినారు. కడప ఊళ్ల పేర్లమీద పరిశోధన చేసినవారు గనుక ప్రతి ఊరి మట్టిరంగూ ఆయనకు తెలుసు. ‘జప్తు’, ‘నమ్ముకున్న నేల’ వంటి కథలలో సీమ రైతు ఉన్నాడు. నేలను వదలలేడు, నిలుపుకోలేడు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కాడి’ కూడా ఆ మెట్ట బ్రతుకే. ఈ పుస్తకాలు మన పాఠశాల గ్రంథాలయాలలో ఉన్నవా? ఉంటే, బీరువా తాళం ఎవరి దగ్గర ఉన్నది?

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పనిచేసే ఉపాధ్యాయ మిత్రులకు మరొక కథ తెలుసు. వాన తప్పిన యేడు కుటుంబాలకు కుటుంబాలు మూటలు కట్టుకొని గుంటూరు మిరపచేలకు వలసపోతవి. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు. హాజరుపట్టీలో వరుసగా సున్నలు. ఆ పిల్లలను నిలుపుకొనేందుకు వలస కాలపు హాస్టళ్లు పెట్టినారు. ఇంటింటికీ తిరిగి అవ్వాతాతల దగ్గర పిల్లలను వదలమని బ్రతిమాలే పంతుళ్లు, పంతులమ్మలు ఉన్నారు. ఆ బ్రతిమాలాటకంటె ఉత్కంఠ గల సన్నివేశం నేను ఏ తెరమీదా చూడలేదు.

వీరగాథలు పాడినవారు ఈ తేడా ఎరుగుదురు. రేనాటి గాయకునికి నరసింహారెడ్డి ఎంతో, వెంగళరెడ్డి అంతే. పాడేవాడు స్వయంగా ఆకలిగొన్నవాడు. అన్నం పెట్టిన చేతిని మరువలేడు. 1876లో ధాత కరువు వచ్చి, 1881 జనాభా లెక్కలకు కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగోవంతు తరిగిపోయినది. అది చూచినవారి మనుమలు, మునిమనుమలు పాడుతూ వచ్చిన పాటలు గదా అవి! నేటి చిత్రాలు తీసేవారికి ఆ ఆకలితో చుట్టరికం లేదు.

సెలవులకు ముందు మా ప్రథమ సంవత్సరం విద్యార్థులకు ఒక పని అప్పగించినాను. ఇంట్లో పెద్దవారిని కరువు గురించి అడిగి ఒక పుట రాసి తెమ్మన్నాను. చాలామంది పుస్తకాల భాషలో రాసినారు. ఒక అమ్మాయి మాత్రం తన అవ్వ మాటలను ఉన్నవి ఉన్నట్లు దింపుకొనివచ్చినది. 1952 నందన కరువులో ఆ అవ్వ ఎనిమిదేండ్ల పిల్ల. గంజికేంద్రానికి పోయేటప్పుడు ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలో పెద్దది యెత్తుకొని పోయినదట, ఎక్కువ పోస్తారని. గరిటె అందరికీ ఒకటే. గంజి గిన్నె అడుగున ఏ మూలనో ఉన్నది. అది చూచి ఆ పిల్ల ఏడిస్తే, గంజి పోసే మనిషి ఇటూ అటూ చూచి ఇంకొక అరగరిటె పోసినాడు. డెబ్బదియేండ్లు దాటినా ఆ మనిషి చేతిమీది పచ్చబొట్టు అవ్వకు గుర్తున్నది. పేరు తెలియదు.