ఆకు మీద తెలుపు... దుమ్మా, తెగులా?

ఆటోనగర్ చుట్టుపక్కల కాపురం ఉండేవాళ్ళకి దుమ్ము కొత్త కాదు. ఒకపక్క వర్క్‌షాపులు, ఇంకోపక్క లారీలు. పొద్దున్న తుడిచిన గచ్చు సాయంత్రానికల్లా కాలికి గరగరలాడుతుంది. అందుకే డాబా మీద ఆనప పాదు ఆకులు తెల్లబడితే "దుమ్మేలే" అని ఊరుకుంటాం. అది దుమ్ము కాక బూడిద తెగులైతే, మనం తేరుకునేలోగా పాదు ఎండిపోతుంది. మరికొందరు తెలుపు కనిపించగానే కంగారుపడి చేతికందిన మందు కొట్టేస్తారు. ఆ కాయే రేపు పిల్లల కంచంలోకి వస్తుంది కదా! కాబట్టి ముందు ఆ తెలుపు ఏమిటో తెలుసుకోవాలి.

గుర్తుపట్టడం ఇలా

దుమ్ము ఏ మొక్కనీ వదలదు. ఆకు పైవైపునే ఎక్కువగా పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే అడుగున ఆకు నవనవలాడుతూ కనిపిస్తుంది.

మందారం చిగుళ్ళ దగ్గర దూది ఉండల్లా అంటుకుని, చీమలు పాకుతూ ఉంటే అది పిండినల్లి. అది పురుగు, తెగులు కాదు.

కొన్ని గుమ్మడి రకాల ఆకులకి ఈనెల పక్కన పుట్టుకతోనే వెండి రంగు మచ్చలుంటాయి. వాటి గురించి బెంగ అక్కర్లేదు.

బూడిద తెగులు చాలాసార్లు ముదురాకుల మీద మొదలవుతుంది. ముగ్గుపిండి చిటికెడు చిటికెడు చల్లినట్టు గుండ్రటి మచ్చలు వస్తాయి. అవి పెద్దవై ఒకదాంతో ఒకటి కలిసి ఆకంతా కమ్మేస్తాయి. తుడిస్తే వేలికి అంటుతుంది గానీ, కొద్దిరోజుల్లో మళ్ళీ వస్తుంది. తర్వాత ఆకు పసుపు తిరిగి ఎండిపోతుంది. కాయలు గిడసబారతాయి. మిరపలో మాత్రం ఈ తెలుపు ఆకు అడుగున కనిపిస్తుంది. ఆకులు రాలిపోతాయి. మిరపని చూసేటప్పుడు ఆకు తిప్పి చూడటం మరిచిపోకండి.

చలికాలంలోనే ఎందుకు?

ఇది ఒక రకం బూజు. ఆకు మీదే కాపురం పెట్టి, సన్నటి పీచుల్ని ఆకు చర్మంలోకి దించి సారం పీల్చేస్తుంది. మనకి కనిపించే తెల్లపొడిలో దాని విత్తనాలు ఉంటాయి. అవి గాలికి ఎగిరి పక్క ఆకు మీద వాలతాయి. చాలా బూజులకి ఆకు తడిగా ఉండాలి, దీనికి ఆ అవసరం లేదు. పైగా జోరువానకి ఈ పొడి కొట్టుకుపోతుంది. వానలు వెనకబట్టి, రాత్రి చలి, పొద్దున్న మంచు, పగలు పొడి ఎండ ఉండే రోజులే దీనికి అనువు. గాలీ వెలుతురూ తగలని గుబురు పాదుల్లో మరీ ఎక్కువ. ఒక ఊరట ఏమిటంటే, గులాబీకి వచ్చే బూడిద తెగులు ఆనప పాదుకి అంటుకోదు. కానీ ఆనప, దోస, గుమ్మడి ఒకే కుటుంబం కాబట్టి ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది.

మన వంటింటి దాకా

ఇది డాబా తోటతో పోయే గొడవ కాదు. మామిడి పూత మీద బూడిద పడితే పూతా పిందే రాలిపోతాయి. ఆవకాయ జాడీకి దెబ్బ. కోస్తా జిల్లాల్లో వరి కోతకి ముందే పొలంలో చల్లే మినుముకీ, పెసరకీ ఈ తెగులు వస్తుంది. అంటే మన ఇడ్లీ పిండికీ, పెసరట్టుకీ దీంతో సంబంధం ఉన్నట్టే. గుంటూరు దగ్గర లాం పరిశోధన క్షేత్రం నుంచి వచ్చిన ఎల్.బి.జి. 17 అనే మినుము రకానికి ఈ తెగుల్ని తట్టుకుంటుందని పేరు.

ఏం చెయ్యాలి?

మచ్చ కనిపించిన ఆకుల్ని వెంటనే కత్తిరించి కవర్లో కట్టి పారెయ్యండి, పాదు మొదట్లో వెయ్యకండి. గుబురుగా ఉన్న చోట నాలుగు ఆకులు తీసి గాలి ఆడనివ్వండి. యూరియా అతిగా వెయ్యకండి. లేతగా ఏపుగా పెరిగిన ఆకు దీనికి సులువుగా లొంగుతుంది.

తెగులు మొదట్లోనే ఉంటే గ్లాసు పాలలో తొమ్మిది గ్లాసుల నీళ్ళు కలిపి, వారానికోసారి ఎండ వచ్చే ఉదయం పూట ఆకుకి రెండువైపులా పిచికారీ చెయ్యండి. ఇది నమ్మకం మీద చెప్పే చిట్కా కాదు. బ్రెజిల్ శాస్త్రవేత్త బెట్టియోల్ దోస జాతి మొక్కల మీద పాలు వాడి చూసి, ఫలితాలు బాగున్నాయని 1999లో ప్రకటించారు. అయితే పూర్తిగా తెల్లబడిన ఆకు పాలతో మళ్ళీ పచ్చబడదు. కొత్త ఆకులకి కాపుదల మాత్రమే.

తెగులు ముదిరితే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. ఇది పాత మందే. 1850లలో ఫ్రాన్సు ద్రాక్షతోటల్ని ఈ తెగులు నుంచి కాపాడింది గంధకమే. కానీ ఎండ మండే వేళ కొడితే ఆకులు మాడతాయి, దోస, ఆనప లాంటి పాదులైతే మరీను. చల్లబడ్డాక సాయంత్రం కొట్టండి. ముందు రెండు మూడు ఆకుల మీద కొట్టి చూడండి. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం జోలికి పోవద్దు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. కోతకి ఎన్ని రోజులు ఆగాలో ప్యాకెట్టు మీద చదివి, అన్నాళ్ళూ కాయ కొయ్యకండి.

తెగులు వచ్చిన పాదు కాయ తినొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. మందు కొట్టని పాదైతే, కాయ బాగుంటే, శుభ్రంగా కడిగి వండుకోవచ్చు. ఈ బూజు మొక్కలది, మనుషులకి అంటుకునేది కాదు. మెంతికూర, కొత్తిమీర లాంటి ఆకుకూరల్లో మాత్రం తెల్లబడిన ఆకులు ఏరి పారెయ్యండి.

కార్తీకం నుంచి మాఘం దాకా వారానికి రెండుసార్లు, నీళ్ళు పోసేటప్పుడే అడుగు ఆకులు ఒకసారి తిప్పి చూడండి. మొదటి మచ్చ దగ్గరే పట్టుకుంటే కత్తెరతో, గ్లాసుడు పాలతో పోతుంది.