ఆటపెట్టె బటన్ వెనుక ఏముంది?

వినగడపలో గాని, తిరువూరు చుట్టుపక్కల మరే పల్లెలో గాని పొలం వెళ్లే పిల్లలకు బోరు మోటారు స్టార్టరు కొత్త కాదు. పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది. ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. మోటారును తిప్పేది మన వేలి బలమా? కాదు. విద్యుత్తు నడిచే దారిని కలపడం, లేదా తెంచడం, వేలు చేసే పని అంతే. ఈ ఒక్క సంగతి బాగా అర్థమైతే చాలు, వీడియో ఆటపెట్టెను మనమే తయారు చేసుకోవచ్చు.

ఆటపెట్టె అంటే?

ఇది బీరువాలా నిలబడి ఉండే చెక్కపెట్టె. కళ్లకు ఎదురుగా తెర, తెర కింద ముందుకు వాలిన పలక, పలక మీద ఆటను నడిపే మీటలు ఉంటాయి. 1972లో అమెరికాలో అటారీ కంపెనీ తెచ్చిన 'పాంగ్' ఆటలో తిప్పే గుబ్బలు ఉండేవి. 1980లో జపానుకు చెందిన నామ్కో కంపెనీ తెచ్చిన 'పాక్‌మాన్' ఆడటానికి ఒక్క జాయ్‌స్టిక్ చాలు. ఆ తరువాతి ఆటల్లో దూకడానికి ఒకటి, కొట్టడానికి ఒకటి అంటూ బటన్లు పెరిగాయి.

ఆ రోజుల్లో సాధారణంగా ఒక పెట్టెలో ఒకే ఆట ఉండేది. నేడు అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు ఎన్నో ఆటలు ఆడించగలదు. 2012లో ఇంగ్లండులో వచ్చిన రాస్‌బెర్రీ పై అలాంటిదే. ఇక మనం చేయవలసింది పెట్టె, మీటల పలక.

బటన్‌ను విప్పి చూద్దాం

రంగు మూత కింద అగ్గిపెట్టె కంటె చిన్నదైన మైక్రోస్విచ్ ఉంటుంది. దాని లోపల వంగిన రాగి మిశ్రమపు రేకు ఒకటి. కొంతవరకు నొక్కినా ఆ రేకు కదలదు. ఒక హద్దు దాటగానే 'టక్' మని అవతలి వైపుకు దూకుతుంది. వేలు తీయగానే మళ్లీ వెనక్కి వస్తుంది.

స్విచ్‌కు మూడు కొనలు ఉంటాయి. ఒకటి ఉమ్మడి కొన. రెండవది మామూలుగా విడిగా ఉండి, నొక్కినప్పుడు ఉమ్మడి కొనతో కలిసేది. మూడవది మామూలుగా కలిసి ఉండి, నొక్కినప్పుడు విడిపోయేది. మన పలకకు మొదటి రెండే కావాలి.

జాయ్‌స్టిక్‌లోనూ ఇవే స్విచ్‌లు నాలుగు, నాలుగు దిక్కులా ఉంటాయి. ఇక్కడొక తమాషా ఉంది. కర్ర నడుమ కీలు ఉండటం వల్ల, పైకొనను ఎడమకు నెడితే కిందికొన కుడికి జరుగుతుంది. అందుచేత 'ఎడమ' అని చెప్పే స్విచ్ కుడివైపున ఉంటుంది! తీగలు తగిలించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. కర్రను మూలకు నెడితే రెండు స్విచ్‌లు ఒకేసారి కలుస్తాయి.

కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది?

స్విచ్‌లకు, కంప్యూటరుకు మధ్య ఒక మైక్రోకంట్రోలరు పలక కావాలి. 2021లో వచ్చిన రాస్‌బెర్రీ పై పైకో ఇందుకు పనికివస్తుంది. దీనిలో మనం వాడుకోదగిన కొనలు 26 ఉన్నాయి. ఒక్కొక్క కొనను 10,000 ఓముల నిరోధం ద్వారా 3.3 వోల్టులకు కలుపుతాం. బటన్ నొక్కనంతసేపు ఆ కొన దగ్గర 3.3 వోల్టులు ఉంటాయి. నొక్కగానే అది భూతీగతో కలిసి సున్నా అవుతుంది. "సున్నా అయిందా, లేదా?" అని ప్రోగ్రాము సెకనుకు వందలసార్లు చూస్తూ ఉంటుంది.

అప్పుడు ప్రవహించే విద్యుత్తు ఎంత? ఓమ్ నియమం ప్రకారం 3.3ను 10,000తో భాగించండి. 0.00033 ఆంపియరు, అంటే మిల్లీ ఆంపియరులో మూడవ వంతు మాత్రమే వస్తుంది.

జాయ్‌స్టిక్‌కు 4, బటన్లకు 6, మొత్తం 10 స్విచ్‌లు అనుకుందాం. ఒక్కొక్క దానికి రెండేసి చొప్పున 20 తీగలు అక్కరలేదు. ఉమ్మడి కొనలన్నింటినీ దండలా గుచ్చినట్లు ఒకే భూతీగతో కలిపితే 11 తీగలు చాలు.

ఒక్కసారి నొక్కితే రెండు దెబ్బలా?

స్టీలు గ్లాసు నేల మీద పడితే ఒక్కసారి మోగి ఊరుకోదు. ఎగిరెగిరి పడుతుంది. స్విచ్‌లోని రేకు కూడా అంతే. కొన్ని మిల్లీ సెకన్లపాటు కలుస్తూ, విడిపోతూ అప్పుడు కుదుటపడుతుంది. ప్రోగ్రాము దీనిని గమనించకపోతే ఒక్క నొక్కుకు రెండు మూడు దెబ్బలు లెక్క వేస్తుంది. ఆటలో అది అన్యాయమే కదా! అందుకే మొదటి మార్పు కనబడగానే 10 మిల్లీ సెకన్లపాటు వచ్చే మార్పులను లెక్కచేయవద్దని ప్రోగ్రాములో రాస్తారు. మన కన్ను చూసి వేలు కదలడానికే దాదాపు 200 మిల్లీ సెకన్లు పడుతుంది. కనుక ఈ ఆలస్యం ఎవరికీ తెలియదు.

పలక చేసే విధానం

మన జిల్లాలోని కొండపల్లి బొమ్మలను తెల్ల పొణికి కర్రతో చేస్తారు. అది తేలికగా, మెత్తగా ఉండి చెక్కడానికి అనువుగా ఉంటుంది. కాని రోజంతా దెబ్బలు తినే పలకకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మేలు. దాని పొరలను ఒకదాని ఈనెకు మరొకటి అడ్డంగా అతికిస్తారు కనుక సులభంగా చీలదు.

చెక్క కోయకముందు అట్టముక్క తీసుకోండి. దాని మీద చేతిని సుఖంగా ఆనించి, వేళ్ల కొనలు ఆగిన చోట గుర్తులు పెట్టండి. అక్కడే బటన్లు రావాలి. సాధారణంగా వాడే బటన్లకు 30 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. తలుపు తాళాలకు రంధ్రం చేసే గుండ్రటి రంపంతో వడ్రంగి ఆ పని చేసిపెడతాడు. పలక ఎత్తు, ఆడేవారి మోచేతికి కొంచెం కిందుగా ఉండాలి. తీగలు తగిలించాక రెండు టార్చి సెల్సు, ఒక చిన్న బల్బుతో ఒక్కొక్క స్విచ్‌నూ పరీక్షించండి. పైకోకు కలపడం ఆ తరువాతే.

ఒక హెచ్చరిక. తెర కోసం పాత డబ్బా టీవీని విప్పవద్దు. దాని గాజు గొట్టం దగ్గర వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీసినా కొంతకాలం నిలిచి ఉంటాయి. 230 వోల్టుల కరెంటు జోలికి మీరు పోకండి. కంపెనీ చేసిన 5 వోల్టుల అడాప్టరే వాడండి.

ఎవరి చేతికి తగిన పలక?

స్విచ్ కలిసిందా లేదా అన్నదే కంప్యూటరుకు తెలుసు. కలిపింది వేలా, మోచేయా, పాదమా అన్నది దానికి తెలియదు. బజారులో కొన్న కంట్రోలరును రెండు చేతులా పట్టుకోలేని పిల్లలు మన బడుల్లోనూ ఉన్నారు. వారికి పెద్ద బటన్లు దూరదూరంగా అమర్చి, పలకను విడిగా తీసి ఒడిలోనో, నేల మీదనో పెట్టవచ్చు. మైక్రోసాఫ్ట్ కంపెనీ 2018లో ఇలాంటి వారి కోసమే తెచ్చిన కంట్రోలరుకు, ఎవరికి కావలసిన స్విచ్‌లను వారు బయటి నుంచి తగిలించుకునే వీలుంది. అందులో ఉన్న సూత్రం మన పలకలో ఉన్నదే.

2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబు మీ బడిలో ఉంటే మైక్రోకంట్రోలరు పలక కోసం అక్కడ అడిగి చూడండి. అట్టముక్క మాత్రం ఈ రోజే తీయవచ్చు. దాని మీద మీ చేయి ఒక్కటే గీయకండి. తరగతిలో అందరి చేతులూ గీయండి. ఏ బటన్ ఎవరికి అందడం లేదో అప్పుడు తెలుస్తుంది. దానిని ఎక్కడికి జరిపితే అందరికీ అందుతుందో కలిసి ఆలోచించండి.