టపటపల రేకుపడవ

దీపంతో నడిచే రేకుపడవను తిరునాళ్ళలో కొనిపించుకోని పిల్లలు అరుదు. థామస్ పియో అనే ఆయన 1891లో బ్రిటన్‌లో పేటెంటు పొందిన బొమ్మ అది. అహోబిలం తిరునాళ్ళలో కొన్న పడవొకటి ఆళ్లగడ్డలో మా చిన్నతనమంతా నడిచింది. ఇప్పుడు కాపురం నంద్యాలలో. మా అమ్మకు చూపు సన్నగిల్లింది. "ఆ టపటపలు మళ్ళీ వినాలని ఉంది" అన్నది. వసారాలో రేకుకత్తెర, మాటు వేసే సరంజామా పెట్టుకుని కూచున్నాను.

దాని కిటుకు చిత్రమైనది. దీపం వేడికి చిన్న రేకుపెట్టెలో పుట్టిన ఆవిరి, గొట్టాలలోని నీటిని వెనక్కి నెడుతుంది. ఆవిరి చల్లారగానే నీరు మళ్ళీ లోపలికి వస్తుంది. పోయేటప్పుడు ఒకే దిక్కుకు ధారకట్టి పోతుంది. వచ్చేటప్పుడు చుట్టూ ఉన్న నీరు చేరుతుంది. అందుకే పడవ ముందుకు సాగుతుంది.

రాగిగొట్టాన్ని చుట్టలా వంచినా పడవ నడుస్తుంది గాని, పలకదు. పెట్టెమీది పలుచని మూత ఎగిసిపడితేనే ఆ చప్పుడు. నాలుగు ఆదివారాలు ఇత్తడిరేకులు మార్చి మార్చి అతికాను.

అయిదో ఆదివారం ఒత్తి వెలిగించబోతుంటే, "గొట్టాల్లో నీళ్ళు పోసినావా నాయనా?" అన్నది అమ్మ. నిజమే, నీరు లేకుంటే మాటు కరిగి ఊడుతుంది.

పడవ పలికింది. "ఇదే!" అన్నది అమ్మ.

మీ అటకమీద మూగపడవ ఉంటే పారవేయకండి. మూత మార్చి చూడండి. దీపం మాత్రం పెద్దలే వెలిగించాలి సుమా!