ముంత దింపగానే రుచి చూడుడు

ద్రాక్షారామము అను పేరు విన్న క్రొత్తవారు అక్కడ ద్రాక్షతోటలు ఉండునని అనుకొందురు. రామచంద్రపురమునకు చేరువలోనున్న ఈ క్షేత్రమున భీమేశ్వరస్వామి ఆలయమును, సప్తగోదావరి తీర్థమును కలవు గాని ద్రాక్షపందిరి లేదు. దక్షుని ఆరామము గనుక దక్షారామమైనదనియు, అదియే వాడుకలో ద్రాక్షారామమైనదనియు పెద్దలు చెప్పుదురు. డెల్టాలోని తేమగాలికి, వానలకు ద్రాక్షతీగ బూజు తెగులు పాలగును. అయినను తీయని రసమునకు మనకు కొరత లేదు. వరిచేల గట్లమీద, కాలువ ఒడ్డున నిలిచిన తాడిచెట్టే మన ద్రాక్షతీగ.

ద్రాక్ష విరివిగా పండు దేశములలో ఆ రసమును పులియబెట్టి వైను చేయుదురు. అక్కడి పనివారికి ఒక మంచి అలవాటు కలదు. ప్రతి పీపా నుండి కొంచెము తీసి రంగు చూచెదరు; వాసన పట్టెదరు; నోటిలో పుక్కిలించి ఉమ్మివేసెదరు; తోచినది పుస్తకములో వ్రాసికొనెదరు. ఇది మత్తు కొరకు చేయు పని కాదు. ఏ పీపా బాగున్నది, ఏది చెడుచున్నది అని ముందుగా తెలిసికొనుటకే చేయుదురు.

రైతు సోదరులారా! ఈ అలవాటు మన గీత కార్మికునకును, తాటిబెల్లము వండువారికిని అంతకంటె ఎక్కువ అవసరము. వైను చెడుటకు నెలలు పట్టవచ్చును. మన ముంత చెడుటకు కొన్ని గంటలు చాలును. పులిసిన ముంత ఒక్కటి పెనములో పడినచో ఆ పూట వంట అంతయు చెడును. ప్రాణమునకు తెగించి చెట్టెక్కి దింపిన రసము అట్లు నేలపాలగుట ఎంత నష్టమో మీరే యోచింపుడు.

రసము ఎందుకు మారును?

తాటి గెల కొన నుండి అప్పుడే కారిన రసమును నీరా అందురు. ఇందు నూటికి 10 నుండి 16 వంతుల వరకు చక్కెర ఉండును. ఆ చక్కెరలో అధికభాగము మనము చెరకు నుండి తీయు చక్కెర వంటిదే. రసము ముంతలో పడిన క్షణము నుండి గాలిలోను, ముంత గోడలందును, కత్తి అంచునను, ఈగల కాళ్లకును అంటియున్న సూక్ష్మజీవులు అందులో చేరును. వీనిలో ఈస్టు ముఖ్యమైనది. అది చక్కెరను విడగొట్టి ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. ఆ వాయువే నురుగై పొంగును. నీరా కల్లగుట అనగా ఇదియే.

దీనిలోని నష్టమును లెక్కవేసి చూడుడు. నూటికి 12 వంతుల చక్కెర గల 10 లీటర్ల నీరాలో సుమారు 1.2 కిలోల చక్కెర ఉండును. పులిసిన ప్రతి కిలో చక్కెరలో ఇంచుమించు సగము ఆల్కహాలగును; తక్కిన సగము వాయువై ఎగిరిపోవును. ఆ పులిసిన రసమును పెనములో కాచినచో ఆల్కహాలు కూడ ఆవిరైపోవును. కావున చక్కెరలో సగము పులిసిన ముంత నుండి బెల్లమునకు మిగులునది 600 గ్రాములే. అదియు సరిగా గట్టిపడదు.

వైను ఏండ్ల తరబడి నిలువగా కల్లు రెండవ రోజుకే ఎందుకు చెడునని మీరు అడుగవచ్చును. దీనికి మూడు కారణములు కలవు. వైను చేయు ద్రాక్షరసములో చక్కెర నూటికి 20 వంతులకు పైబడి ఉండుటచే ఆల్కహాలు 11 నుండి 14 వంతుల వరకు చేరి తక్కిన సూక్ష్మజీవులను అణచును; కల్లులో అది 4 నుండి 6 వంతులు మాత్రమే. ద్రాక్షరసము స్వభావము చేతనే పులుపు. నీరాకు ఆ రక్షణ లేదు. వైనును గాలి చొరకుండ మూసి ఉంచుదురు. మన ముంత నోరు తెరచి ఉండును. గాలి తగిలిన కల్లులో మరియొక జాతి సూక్ష్మజీవులు పెరిగి ఆల్కహాలును వెనిగరుగా మార్చును. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ వైను చెడుటకు సూక్ష్మజీవులే కారణమనియు, మితముగా వేడిచేసినచో దానిని కాపాడవచ్చుననియు 1866లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఆయన పీపాలో చూచిన సంగతియే మన ముంతలోను జరుగుచున్నది.

ఒక వారము చేయదగిన పరీక్ష

ఈ సంగతిని మా మాట మీద నమ్మనక్కరలేదు. గీత లైసెన్సు ఉన్నవారు ఒక వారము రోజులు ఈ క్రింది విధముగా రుచి చూచి వ్రాసికొనుడు. కావలసినవి ఒక నోటు పుస్తకము, స్టీలు గరిటె, రెండు గాజు గ్లాసులు, మందుల దుకాణములోనో పాఠశాల పరికరముల దుకాణములోనో దొరకు నీలి లిట్మసు కాగితములు. గరిటెను ప్రతిసారి వేడినీట కడుగవలెను. ముంతకు నోరు తగిలింపరాదు. పులిసిన దానిని మ్రింగక ఉమ్మివేసి, నోరు పుక్కిలించిన పిమ్మట తరువాతి ముంతను చూడవలెను. పక్షిగాని గబ్బిలముగాని తాకినదను అనుమానమున్న ముంతను రుచి చూడక పారబోయవలెను.

మొదటి రోజు: బాగుగా కడిగి, ఎండబెట్టి, లోపల పలుచగా సున్నము పూసిన ముంతను సాయంత్రము కట్టి, మరునాడు సూర్యోదయమునకు ముందే దింపుడు. తేర్చి, వడబోసి గ్లాసులో పోయుడు. రసము తేటగా, నురుగు లేక ఉండును. తాటి వాసన తేలికగా తగులును. నాలుకపై మొదట తీపి, చివరకు సున్నపు జాడ కొద్దిగా తెలియును. నీలి కాగితము నీలముగానే ఉండును. మంచి నీరా గుర్తు ఇదియే. ఈ రుచిని జ్ఞాపకముంచుకొనుడు. తక్కిన ఆరు రోజులకు ఇదియే కొలబద్ద.

రెండవ రోజు: సున్నము పూయని ముంతను అట్లే కట్టి, అదే వేళకు దింపుడు. రసము పాలవలె తెల్లబడి, పైన నురుగు కట్టి ఉండును. చెవి దగ్గర పెట్టినచో చిటపట వినవచ్చును. తీపి తగ్గి, నాలుక కొనను సూదులు గ్రుచ్చినట్లుండును. అది బొగ్గుపులుసు వాయువు పని. నీలి కాగితము ఎర్రబడును. చెట్టు ఒక్కటే, రాత్రి ఒక్కటే. భేదమెల్ల ముంత లోపలి పూతలోనే ఉన్నది.

మూడవ రోజు: సున్నము వేయని తాజా రసమును రెండు గ్లాసులలో పోసి, ఒకదానిని ఎండలోను, రెండవదానిని మంచుగడ్డల పెట్టెలోను ఉంచుడు. రెండు గంటల కొకసారి గరిటెతో చూచి వ్రాయుడు. ఎండలోనిది తొందరగా పొంగి పులుపెక్కును. మంచులోనిది తీపిని చాలసేపు నిలుపుకొనును. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థవారు కొబ్బరి గెల రసమును ఈ సూత్రము మీదనే మంచుపెట్టెలోనికి దింపి, సున్నము లేకుండ నిలువచేయు పద్ధతిని రూపొందించిరి. ఆ రసమునకు కల్పరస అని పేరు. కోనసీమ కొబ్బరి రైతులు దీనిని గమనింపదగును.

నాల్గవ రోజు: ఒక ముంతకు పలుచగను, మరియొక దానికి మందముగను సున్నము పూయుడు. మందపు పూత ముంతలోని రసము పులియదు గాని నాలుకను పట్టివేయును. సబ్బునీటి రుచి వచ్చును. త్రాగుటకు పనికిరాదు, బెల్లము రంగును కూడ చెరచును. సున్నము తక్కువైన పులుపు, ఎక్కువైన చేదు. మీ ముంత పరిమాణమునకు, ఆనాటి వేడిమికి తగిన పాలు ఏదో మీ నాలుకయే నిర్ణయించును.

ఐదవ రోజు: మొదటినాటి వంటి మంచి రసమును ఒక చిన్న గిన్నెలోను, కొంత పులిసినదానిని మరియొక గిన్నెలోను విడివిడిగా కాచుడు. మంచి రసము పాకము 118 – 120 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి చేరిన పిమ్మట దించి కలియబెట్టగా గట్టిపడి, విరిచినప్పుడు పలుకుగా విరుగును. పులిసిన దాని పాకము ఎంత కాచినను జిగటగా, తేనెవలె నిలిచిపోవును. రుచిలో పులుపు, మాడు వాసన ఉండును. పులుపు చేరినప్పుడు చక్కెర విడిపోయి పలుకు కట్టు గుణమును పోగొట్టుకొనుటయే దీనికి కారణము.

ఆరవ రోజు: రెండవనాటి కల్లులో కొంత వెడల్పు మూతి గల పాత్రలో పోసి, పలుచని గుడ్డ కట్టి ఉంచినచో ఈనాటికి ముక్కును అదరగొట్టు పులుపు వాసన పుట్టియుండును. వెనిగరు ప్రారంభమైనదన్నమాట. గోవాలోను, కేరళలోను కొబ్బరికల్లు వెనిగరును వంటలలో వాడుదురు. మనకు ఈ వాసన ఒక హెచ్చరిక. ఇది ఏ ముంతలో పట్టినను దానిని వేడినీట కడిగి, ఎండబెట్టి, నిప్పుసెగ చూపనిదే మరల చెట్టుకు కట్టరాదు.

ఏడవ రోజు: పుస్తకము తెరచి చదువుకొనుడు. ఏ ముంత ఎన్ని గంటలకు పులిసినది, ఏది కడిగినది, ఏది కడుగనిది, ఏ చెట్టు రసము తీపి అని వరుసగా కనబడును. చాలచోట్ల దోషము చెట్టుది కాదనియు, ముంతది, గడియారముదే ననియు తేలును.

గుర్తుంచుకొనవలసిన జాగ్రత్తలు

గెల కొనను, ముంత మూతిని కలిపి సన్నని వలగుడ్డతో కప్పవలెను. ఇది ఈగల కొరకు మాత్రమే కాదు. 2001 తరువాత బంగ్లాదేశములో పలుమార్లు నిపా అను ప్రాణాంతక వ్యాధి పుట్టినది. గబ్బిలములు మూతిపెట్టిన పచ్చి ఈతరసము త్రాగుట దానికి ఒక ముఖ్య మార్గమని పరిశోధకులు కనుగొనిరి. చెట్టు వేరైనను గబ్బిలము అలవాటు ఒక్కటే.

గీత గీయుటకు ఎక్సైజు శాఖ లైసెన్సు అవసరము. కల్లులో మత్తుమందులు కలుపుట నేరము, ఘోరము కూడ. 2025 జులైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. మత్తుమందు కలిపిన కల్లును నాలుకతో పోల్చుట సాధ్యము కాదు. కావున రుచి పరీక్ష మీ చెట్టున మీరు దింపిన ముంతకే గాని, అంగడిలో కొన్న సీసాకు కాదు. ఇట్టి అమ్మకములు కనబడినచో గ్రామాధికారులు వెంటనే ఎక్సైజు అధికారులకు తెలుపవలెను.

మన ప్రాంతమున కల్లు సంగతి పాత చర్చయే. మద్రాసు రాష్ట్రమంతటను 1948లో మద్యనిషేధము వచ్చినది. ఆ దినములలో గీత కార్మికులకు నీరా, తాటిబెల్లము ప్రత్యామ్నాయ వృత్తిగా చూపబడినవి. 1954 నవంబరులో మద్యనిషేధ విధానముపై వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు తేడాతో నెగ్గగా ఆంధ్ర రాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోయినది. అటుపిమ్మట చట్టములు పలుమార్లు మారినవి. ముంతలోని ఈస్టు మాత్రము మారలేదు. కడిగిన ముంతకును, వేళకు దింపిన చేతికిని మాత్రమే అది లొంగును.

తాడిచెట్టు పూతకు రావలెనన్న 12 ఏండ్లకు పైగా పట్టును. పూత వచ్చువరకు అది పోతో పెంటో కూడ తెలియదు. గట్టు మీద నున్న చెట్టును కొట్టివేయుట ఒక పూట పని; దానిని తిరిగి పొందుట ఒక తరము పని. ఈ చెట్టు నుండి మంచి బెల్లము, మంచి నీరా రాబట్టి, దానితో ఇల్లు గడచునని తెలిసిననాడే రైతు దానిని నిలుపును, గీత కార్మికుని కొడుకు ఆ వృత్తిలో నిలుచును. రంపచోడవరము దగ్గర పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధనా స్థానమున తాటిపై పరిశోధనలు జరుగుచున్నవి. శ్రద్ధగలవారు మీ గ్రామ ఉద్యాన సహాయకుని ద్వారా అక్కడి సలహాలు పొందవచ్చును.

తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురని మనకు సామెత. ఆ నింద పోవలెనన్న వాదన వలన పోదు. ముంత దింపిన వేళకు అందులో పాలవంటి తెలుపు, నురుగు లేక తేటనీరు వంటి తీపి ఉండవలెను. రేపు ఉదయము మొదటి ముంత దింపగానే పెనములో కుమ్మరింపకుడు. ఒక గరిటె తీసి, వాసన చూచి, నాలుకపై వేసికొని, పిమ్మట పోయుడు. పులిసినది ఎంత ఎక్కువైనను వేరుగా ఉంచుడు. ఆ ఒక్క గరిటె రుచి ఆ దినపు పెనమునంతటిని కాపాడును.